సుత

పొద్దున్నే అయిదింటికి నాగచైతన్యను ఒకసారి షట్‌డౌన్ చేస్తే తప్ప గ్రేసీకి రోజు మొదలయ్యేది కాదు. మనిషిని కాదులెండి, అతని పేరు పెట్టుకున్న స్విచ్‌ని. నెట్‌వర్కింగ్ పరీక్షకు చదివేవాళ్లు లాప్‌టాప్‌లో ఉత్తుత్తి నెట్‌వర్క్ ఒకటి కట్టుకుని దాని మీద చేయి తిప్పుకుంటారు. అందులో కంప్యూటర్లను కలిపే పెట్టెలకు, అంటే స్విచ్‌లకు, ఎవరికి నచ్చిన పేరు వాళ్లు పెట్టుకోవచ్చు. గ్రేసీ ఒకదానికి చైతన్య అని పెట్టింది. దానికి తీగలు తగిలించే పోర్టులు ఒక్కొక్కటే ఆపేసి, ఆకుపచ్చ చుక్కలన్నీ ఎర్రబడేదాకా కళ్లారా చూసి, అప్పుడు పుస్తకం తెరిచేది.

ఆ చదువంతా ఉప్పల్‌లో ఒక లేడీస్ హాస్టల్ డైనింగ్ టేబుల్ మీద. గ్రేసీ తల్లి దానమ్మ ఆ హాస్టల్లో వంటమనిషి, తల్లీకూతుళ్లు వెనక గదిలోనే ఉంటారు. ఇడ్లీ పాత్ర పొయ్యి మీదకెక్కే వేళకు కూతురు అప్పటికే ఒక పాఠం పూర్తిచేసి ఉండేది.

"పొద్దుగాల్నే ఎవల మీద పండ్లు నూరుతున్నవ్ బిడ్డా?" అని అడిగేది దానమ్మ.

"సదువుకుంటున్ననే అమ్మా."

"సదువుకునేటోళ్ల మొకం గట్లుండదు."

దానమ్మకు అంతా తెలుసు. తెలిసి కూడా, పొయ్యి వెలిగించే ముందు చేసే ప్రార్థనలో ఊరివాళ్లనూ, హాస్టల్ పిల్లలనూ తలుచుకున్నాక చివర్న "ఆ సైతన్య సారును సుత సల్లగ సూడు తండ్రీ" అనేది. ఆమె నోట చైతన్య ఎప్పుడూ సైతన్యే. ఆ పేరు వింటే సైతాను గుర్తుకురావడం గ్రేసీకి రోజూ దొరికే చిన్న సంతోషం. ఆ ముక్కకు మాత్రం ఆమె ఆమేన్ అనేది కాదు.

రెండేళ్ల కిందట గ్రేసీ నాచారం పారిశ్రామికవాడలో టానిక్ సీసాలకు మూతలు చేసే కంపెనీలో కాంట్రాక్టు మీద కేబుళ్లు వేసే పనిచేసేది. నాగచైతన్య అక్కడ నెట్‌వర్క్ లీడ్. తెల్లచొక్కా, మెత్తటి మాట, కుర్చీ వెనక గోడకు ఫ్రేము కట్టించి పెట్టుకున్న సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష సర్టిఫికెట్. ఎవరు ఎదురు ప్రశ్న వేసినా వేలు వెనక్కి చూపించేవాడు. "ముందు అది పాసయి రండి, తర్వాత మాట్లాడుకుందాం."

గ్రేసీది జనగామ దగ్గర పల్లె. ఆమె మాటలో రెండు వాక్యాలకొక సుత దొర్లుతుంది. ఆ ఊళ్లో "కూడా" అనడానికి ఉన్న మాట అదే మరి. చేరిన మొదటిరోజు "ఈ వైరు సుత మార్చాలె సార్" అంటే, నాగచైతన్య చేస్తున్న పని ఆపి మరీ నవ్వాడు.

"సుత ఏంటమ్మా, సుత్తిలాగా? కూడా అనడానికి నోరు తిరగదా?"

మర్నాటికల్లా ఆమె సుత్తి గ్రేసీ అయిపోయింది. క్యాంటీనులో పెరుగు వడ్డించేవాడు కూడా అదే పేరుతో పిలిచాడు.

సుత్తిని ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఆగస్టులో ఒక శుక్రవారం జరిగింది. ఉదయం పదకొండు నలభైకి ప్లాంటులో నెట్‌వర్క్ మొత్తం పడిపోయింది. మెషీన్లకు ఆర్డర్లు అందవు, లేబుళ్లు ప్రింటు కావు, గేటు దగ్గర లారీలు వరస కట్టాయి. నాగచైతన్య సర్వర్ రూముకూ ప్లాంటుకూ మధ్య పరుగులే పరుగులు. గ్రేసీ ఆ సమయానికి ప్లాంటులో స్విచ్‌లుండే ఇనప బీరువా ముందు కూర్చుని వైర్లకు లేబుళ్లు అంటిస్తోంది.

"లైట్లన్నీ పచ్చగనే ఉన్నయి సార్" అంది.

"నువ్వుండమ్మా" అన్నాడతను.

మధ్యాహ్నం మూడుంబావుకి ఎవరితోనో ఫోనులో గుసగుసగా మాట్లాడి, సర్వర్ రూము తలుపు వేసుకున్నాడు. పది నిమిషాల్లో అన్నీ లేచాయి. చెమట తుడుచుకుంటూ బయటికొచ్చి అందరి ముందూ అడిగాడు.

"గ్రేసీ, నువ్వు ఈ వైర్లు ముట్టుకున్నావా?"

"ముట్టుకున్న సార్. లేబుళ్లు సుత ఏసిన."

అబద్ధం చేతకాని మనిషి అంతకన్నా ఏం చెబుతుంది. "చూశారుగా, ఒప్పుకుంది" అన్నాడు నాగచైతన్య. ఒక కాగితం ఇచ్చి, తను చెబుతుంటే ఆమెతోనే రాయించాడు. నా నిర్లక్ష్యం వల్ల వైరు ఊడి కంపెనీ పని ఆగిపోయినది, నన్ను క్షమించగలరు. ఆమె సంతకం పెట్టింది. గేటు దగ్గర గుర్తింపు కార్డు లాక్కున్నారు, సంచీ బోర్లించి చూశారు, టిఫిన్ డబ్బా మూత కూడా తీశారు.

అన్నిటికంటే పాడు సంగతి ఇంకొకటుంది. ఆమె నమ్మింది. తన చేయే తగిలిందేమో, ఏదో వైరు నిజంగానే వదులైందేమో అని రెండేళ్లూ లోపల్లోపల కుళ్లిపోయింది. ఏ కంపెనీలో దరఖాస్తు పెట్టినా వాళ్లు నాచారానికి ఫోను చేసేవారు. అక్కణ్నుంచి ఒకటే జవాబు వచ్చేది, ఆ వైరు పీకిన అమ్మాయా అని. చివరికి దమ్మాయిగూడ కొత్త కాలనీల్లో మేడలెక్కి ఇళ్లకు ఇంటర్నెట్ తీగలు లాగే పనే మిగిలింది. ఎండలో వాటర్ ట్యాంకు పక్కన నిలబడి తీగ లాగుతూ ఆమె ఒకటే అనుకునేది. ముందు అది పాసయి రమ్మన్నావు కదా, వస్తా. వచ్చి నీ ఎదురుగా కూర్చుంటా. నాతో రాయించిన ఆ కాగితం నీ నోటితోనే వెనక్కి తీసుకునేలా చేస్తా. ఎలాగో ఆమెకు అప్పటికి తెలియదు. కోపానికి తోవ తెలియాల్సిన పనిలేదు.

ఉప్పల్ డిపో ఎదురు సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పైన రామ్మోహనరావు క్లాసు. ఆయన టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన తెనాలి మనిషి. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా పాఠం. ఆయనకొక చాదస్తం ఉంది. కమాండ్ ఏదైనా సరే, ఎంటర్ నొక్కే ముందు అది తెలుగులో పైకి చదవాలి. ఐటీ కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్లు ముఖాలు చిట్లించేవారు. ఆయన వినేవాడు కాదు.

"యంత్రానికి ఇంగ్లీషులో చెప్పేది ముందు నీకు నీ భాషలో అర్థం కావాలి. అర్థం కాకుండా ఎంటర్ నొక్కేవాడు నా క్లాసులో వద్దు."

మొదటివారంలోనే ఆయన గ్రేసీ లాప్‌టాప్‌లోకి తొంగి చూసి, చైతన్య అన్న స్విచ్‌ని చూశాడు.

"ఎవరమ్మా ఇతను?"

గ్రేసీ దాచలేదు, మొత్తం చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇతను సిలబస్‌లో లేడే" అన్నాడు.

"నా సిలబస్‌ల ఉన్నడు సార్."

ఆయన ఆ రోజు నుంచి ఆమెకు రెండు లెక్కలు ఎక్కువ ఇచ్చేవాడు.

మూడో నెలలో ట్రంక్ పాఠం వచ్చింది. ఒక కంపెనీలో ఆఫీసు కంప్యూటర్ల మాటలూ మెషీన్ల మాటలూ కలిసిపోకుండా ఒక్కో గుంపుకు ఒక్కో నంబరు ఇస్తారు. ఆ గుంపు పేరే వీలాన్. అన్ని గుంపులూ కలిసి ప్రయాణించే పెద్ద దారిని ట్రంక్ అంటారు. ఆ దారిలో ఏయే నంబర్లు పోవచ్చో స్విచ్‌కి చెప్పాలి. రామ్మోహనరావు ఇచ్చిన లెక్క చిన్నది. దారిలో పదీ ఇరవై ఇప్పటికే పోతున్నాయి, నలభైని చేర్చాలి.

గ్రేసీ టకటకా కొట్టింది. స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ నలభై. ఆరోజు తొందరలో తెలుగు చదవలేదు, నేరుగా ఎంటర్ నొక్కింది. అంతే, పదీ చచ్చింది, ఇరవయ్యీ చచ్చింది. ఒక్క కంప్యూటరూ పలకడం లేదు.

"ఏం చెప్పావో ఇప్పుడు చదువు" అన్నాడు రామ్మోహనరావు, వెనకనుంచి.

"ఈ దారిల నలభైని పోనియ్యి."

"మరి పదీ ఇరవై?"

"అవి ఎట్లయినా పోతున్నయి గద సార్. గిది సుత పోవాలె అన్న."

"ఎక్కడన్నావు? నలభైని పోనియ్యి అన్నావు. అది వినయంగా మిగతావాటిని ఆపేసింది. ఆ సుత ఏది?"

ఆయన వంగి ఒక్క మాట చేర్చాడు. వీలాన్ తర్వాత, నలభైకి ముందు, యాడ్. "ఇదీ నీ సుత. ఇది మరిచిపోతే కొంపలు మునుగుతాయి. పెద్దపెద్దవాళ్లే మరిచిపోతారు."

గ్రేసీ తెర వంక చూస్తూ ఉండిపోయింది. తీగలు చూపించే చుక్కలన్నీ పచ్చగానే ఉన్నాయి. ఒక్కటీ ఎర్రబడలేదు. తీగ ఊడితే చుక్కలో పచ్చ పోవాలి, ఆమె రోజూ పొద్దున్నే నాగచైతన్యను ఆర్పుతూ చూస్తున్నది అదే కదా. దారి పాడైంది, తీగ పాడవలేదు. ఆ శుక్రవారం కూడా లైట్లు పచ్చగానే ఉన్నాయి. తనే చెప్పింది, నువ్వుండమ్మా అన్నాడు. ఆ వారం కంపెనీలో కొత్త కెమెరాలు పెట్టారు. వాటి తీగలు లాగింది తనే, వాటికి ముప్పై అని లేబుళ్లు రాసింది తనే. ఆ ముప్పైని దారిలో చేర్చడానికి ఆ రోజు పదకొండు నలభైకి ఎవరు కూర్చున్నారు?

"నేను పీకలేదు సార్" అంది గ్రేసీ.

"ఏంటమ్మా?"

"నేను వైరు పీకలేదు."

ఎంత ఆపుకున్నా కళ్లలో నీళ్లు ఆగలేదు. పక్కన కూర్చున్న కుర్రాళ్లు తలలు తిప్పుకున్నారు. రామ్మోహనరావు ఫ్లాస్కులోంచి టీ పోసి ముందు పెట్టి, మిగతావాళ్లకు పాఠం కొనసాగించాడు. టీ చల్లారేలోపు గ్రేసీ ఏడుపు ఆగింది. ఆగిన చోటే పగ పెరిగింది. అంతకుముందు అది తనను అవమానించినవాడి మీద పగ. ఇప్పుడది, తెలిసి తెలిసీ తన నెత్తిన పాపం రుద్దినవాడి మీద.

ఆమెకు ఇంకొక సంగతి గుర్తొచ్చింది. మందుల కంపెనీలకు సరుకిచ్చే చోటు కాబట్టి నాచారంలో ప్రతి మార్పుకూ ఒక రిజిస్టరు ఉండేది. ఏ మార్పయినా చేత్తో రాయాలి, యంత్రానికి ఇచ్చిన కమాండ్ ప్రింటు తీసి అతికించాలి. పేజీలకు నంబర్లుంటాయి, చింపితే దొరికిపోతారు. తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు. కింద అక్షరాలు కనబడేలా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి, తేదీ వేయాలి. రిజిస్టర్లు అయిదేళ్లు బీరువాలో ఉంటాయి. నాగచైతన్య పనిలో పద్ధతైన మనిషి, తప్పకుండా అతికించే ఉంటాడు. అర్థమయ్యేవాళ్లు అక్కడ ఎవరూ లేరన్న ధీమా ఒకటి ఎలాగూ ఉంది.

ఆ తర్వాత నాలుగు నెలలు గ్రేసీ చదివిన చదువుకు దానమ్మే భయపడింది. సాంబారులో పోపు వేస్తుంటే పక్కనుంచి అంకెలు వినబడేవి. మేడ మీద తీగ లాగుతూ కూడా కమాండ్లు తెలుగులో గొణుక్కునేది. పరీక్ష రోజు ఆ ట్రంక్ ప్రశ్న వస్తుందని ఎంత ఆశపడిందో, అది రానేలేదు. వచ్చినవన్నీ వేరేవి. అయినా పాసయింది. బయటికొచ్చి ముందు రామ్మోహనరావుకు, తర్వాత తల్లికి ఫోను చేసింది. దానమ్మ స్తోత్రం చెప్పుకుని, "ఇగనన్న ఆ సారును యిడిసిపెట్టు బిడ్డా" అంది.

"యిడిసిపెడతనే. ఒక్కసారి కలిసినంక."

కలిసే రోజు తనంతట తానే వచ్చింది. నాచారం కంపెనీ జూనియర్ నెట్‌వర్క్ ఇంజినీరు కావాలని ప్రకటన వేసింది. సర్టిఫికెట్ మీదున్న పూర్తి పేరుతో, జి. గ్రేస్ మణి అని దరఖాస్తు పెట్టింది గ్రేసీ. ఇంటర్వ్యూకు రమ్మని వచ్చిన ఉత్తరం కింద సంతకం నాగచైతన్యది. ఆ సంతకాన్ని ఆమె చాలాసేపు చూసుకుంది. చచ్చినా మరిచిపోయే సంతకం కాదది.

గదిలో ముగ్గురున్నారు. మధ్యలో ప్లాంటు హెడ్డు చిదంబరం, ఒకవైపు నాణ్యత విభాగం చూసే ఛాయాదేవి, రెండోవైపు నాగచైతన్య. తలుపు తీసుకుని గ్రేసీ లోపలికి రాగానే అతని ముఖం మీది నవ్వు అలాగే ఉంది గానీ, కళ్లు దాన్ని వదిలేసి పోయాయి.

"నువ్వా" అన్నాడు.

"అది పాసయి రమ్మన్నరు గద సార్. వచ్చిన." సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి అతనివైపు జరిపింది.

చిదంబరం కాగితాల్లోంచి తలెత్తాడు. ఆయనకూ గుర్తొచ్చింది. "నువ్వు మన దగ్గర పనిచేసిన అమ్మాయివి కదూ. ఆ రోజు ప్లాంటంతా ఆగిపోయింది నీవల్లేగా? మళ్లీ నిన్నెలా తీసుకోమంటావు?"

ఈ ప్రశ్న కోసమే ఆమె నాలుగు నెలలుగా ఎదురుచూసింది.

"ఆ రోజు రిజిస్టరు తెప్పియ్యుండ్రి సార్. అందులనే ఉంది జవాబు."

"ఇది ఇంటర్వ్యూ అమ్మా, విచారణ కాదు" అన్నాడు నాగచైతన్య.

ఛాయాదేవి అప్పటికే లేచింది. ఆమెకు గ్రేసీ అంటే ప్రేమా లేదు, నాగచైతన్య అంటే కోపమూ లేదు. రిజిస్టరు అడిగినప్పుడు చూపించాలి అన్నది నియమం, ఆమె బతికేది నియమాల మీద. పక్కగదిలోంచి నీలం అట్ట పుస్తకం తెచ్చి, తేదీ చూసి పేజీ తెరిచింది. ఆ పేజీకి కుట్టి ఉంది గ్రేసీ క్షమాపణ ఉత్తరం. సంతకంలో చివరి అక్షరం వంకరగా జారిపోయి ఉంది. గ్రేసీ ఆ ఉత్తరాన్ని ఎత్తి, కింద అతికించిన ప్రింటు మీద వేలు పెట్టింది.

"పదకొండు నలభైకి సార్ ఇచ్చిన కమాండ్ ఇది. తెలుగుల చదువుత. ఈ దారిల ముప్పైని పోనియ్యి. గంతే. ఆఫీసుది పది, మెషీన్లది ఇరవై, రెండు ఆగిపోయినయి. ముప్పై సుత పోనియ్యి అనాలె సార్. సుత అనేటందుకు యాడ్ అని ఒక మాట ఉంటది. అది ఇందుల లేదు." వేలు కిందికి జరిపింది. "మూడు ఇరవై అయిదుకు మళ్ల ఇచ్చిన్రు. సూడుండ్రి, పది, ఇరవై, ముప్పై. మూడు రాసిన్రు. అప్పుడు లేసింది. వైరు ఊడితే వైరు పెట్టాలె గద సార్, కమాండ్ ఎందుకు మార్చిన్రు?"

చిదంబరం పుస్తకం దగ్గరకు లాక్కున్నాడు. ఆ ప్రింటు కింద మూడు సంతకాలున్నాయి, అందులో ఒకటి ఆయనదే. మూడు సంతకాలు పెట్టిన ముగ్గురిలో దాన్ని చదివినవాడు ఒక్కడే, రాసినవాడు.

"చైతన్యా?"

నాగచైతన్య నీళ్ల గ్లాసు అందుకున్నాడు, తాగలేదు. "సార్, అది... టైపింగ్‌లో ఒక పదం పోయింది. ఎవరికైనా జరుగుతుంది. చాలా కామన్ మిస్టేక్ సార్ అది."

"జరుగుతది సార్" అంది గ్రేసీ. "నాకు సుత జరిగింది, క్లాసుల. నేను తప్పు జేసిన అన్న. పక్కోళ్ల పేరు చెప్పలే."

చిదంబరం గొంతు సవరించుకున్నాడు. పెద్దమనుషులు ఎక్కడైనా పెద్దమనుషులే, మంట కనబడితే ముందు దుప్పటి వెతుకుతారు.

"సరేనమ్మా, రెండేళ్ల నాటి సంగతి. నీ సర్టిఫికెట్ బావుంది, మాకు మనిషి కావాలి. ఒకటో తారీఖున చేరిపో. ఇది ఇక్కడితో వదిలేద్దాం."

రెండేళ్లుగా ఏ కంపెనీ గేటూ దాటలేని మనిషికి ఆ మాట తక్కువేం కాదు. గ్రేసీకి ఒక్క క్షణం హాస్టల్ వంటగదిలో తల్లి ముఖం కనబడింది. అవునంటే అయిపోయేది. కానీ వంకరగా జారిన తన సంతకం ఇంకా కళ్లెదురుగానే ఉంది.

"ఉద్యోగం సంగతి తర్వాత సార్. ముందుగాల ఈ పేజీ సంగతి." ఛాయాదేవి వైపు తిరిగింది. "మేడమ్, రిజిస్టర్ల తప్పు రాస్తే ఏం జెయ్యాలె?"

ఛాయాదేవి పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "ఒక్క గీత కొట్టాలి. పక్కన సరైనది రాయాలి. ఎవరు రాశారో వాళ్లే." అని, తన జేబులోని నీలం సిరా పెన్ను మూత తీసి నాగచైతన్య ముందు పెట్టింది.

అతను చిదంబరం వైపు చూశాడు. చిదంబరం కిటికీలోంచి బయటి లారీల వైపు చూశాడు. ఛాయాదేవి పుస్తకాన్ని అతని ముందుకు తిప్పింది.

కారణం అన్న గడిలో అతని ముత్యాల్లాంటి దస్తూరీ. కేబులింగ్ సిబ్బంది గ్రేసీ నిర్లక్ష్యం. నాగచైతన్య పెన్ను తీసుకుని ఆ మాటల మీద ఒక గీత గీశాడు. గీత గ్రేసీ అన్న చోట కొంచెం తడబడి, మళ్లీ సాగింది. పక్కన రాశాడు. కమాండ్‌లో యాడ్ అన్న పదం నేను వదిలేశాను. నేను అన్న మాట దగ్గర పెన్ను ఆగితే గ్రేసీ ఆగినంతసేపూ చూసింది. అది చూడటానికే కదా ఆమె చదివింది. ప్రతి అక్షరం పడేదాకా, ఆకుపచ్చ చుక్కలు ఒక్కొక్కటీ ఎర్రబడటం చూసినట్టే చూసింది. తల్లి ప్రార్థన గుర్తొచ్చింది గానీ, జాలి మాత్రం రాలేదు. రాలేదని సిగ్గూ పడలేదు.

అతను సంతకం చేశాడు. పెన్ను మూత పెట్టేసి పుస్తకం మూయబోయాడు.

గ్రేసీ పేజీ మీద చెయ్యి పెట్టి ఆపింది.

"తేదీ సుత ఎయ్యుండ్రి సార్."